పోయొచ్చిన వెలుగు

అల్ ఖోర్‌లో రాత్రి తొమ్మిదికి కూడా
గోడ మీద చెయ్యి పెడితే పెనం.
లోపల, డాక్టర్ ఇంతిసార్ గదిలో
నేను ద్రవ నైట్రోజన్ పోస్తున్నాను,
గంజి వంచినంత నెమ్మదిగా.
తెల్లటి పొగ మోకాళ్ల దాకా వచ్చి ఆగింది.

పైపు పొడవు రెండు మీటర్లు, రెండు కొసలా అద్దాలు.
వెలుగు వాటి మధ్య ముప్పైసార్లు తిరిగి
అరవై మీటర్లు నడిచి
ఎక్కడికీ పోకుండానే బయటికొస్తుంది.
"బోషెట్టీ, సీసా విప్పు" అంటుంది ఆమె.
అరబ్బీలో ప లేదు.
నా పేరులో మొదటి అక్షరం
పద్నాలుగేళ్లుగా కస్టమ్స్ దగ్గరే ఆగిపోయింది.

విప్పాను.
మీథేన్ వచ్చింది, సన్నని చప్పుడు తప్ప ఏమీ రానట్టు.
రంగు లేదు, వాసన లేదు.
"ఇంట్ల గ్యాసుబండ వాసనొస్తది గదనే"
అంటాడు రూములో గంగనర్సు.
అది గ్యాసు వాసన కాదురా,
మనం భయపడాలని ఎవరో కలిపింది.

ఈ సముద్రం అడుగున ఉన్నదంతా అదే.
దాన్ని గడ్డకట్టే అంచు దాకా చల్లార్చి
నీళ్లలా ఓడలకెక్కిస్తారు.
ఆ రేవులో ఆరేళ్లు
వాల్వుల మీది మంచు గీకాను నేను,
నలభై ఎనిమిది డిగ్రీల ఎండలో.
ఇక్కడ మాత్రం ఒక్క సీసా,
గురుగ్రహం కోసం.

తెర మీద ఆకుపచ్చ గీత
తిన్నగా నడుస్తూ నడుస్తూ గుంటల్లో పడింది.
దువ్వెన పళ్లలా గుంటలు,
కంటికి ఆనని ఇన్‌ఫ్రారెడ్ రంగుల్లో.
"ఇక్కడ తిన్నది, ఇక్కడ కొంచెమే తిన్నది"
కిరాణా ఖాతాలా రాసుకుంటుంది ఆమె,
చుక్క తర్వాత ఐదంకెలు.

ఇంత చలి ఎందుకు, గది వేడిలో కొలిస్తే చాలదా అన్నాను.
చాలదట.
వేడికి అణువులు వంద రకాలుగా గంతులేస్తాయి,
చలికి ముడుచుకుని కింది మెట్ల మీదే కూర్చుంటాయి.
ఇక్కడి వేడిలో తీసిన లెక్కతో
అక్కడి చలిని చదివితే అంతా తప్పే.
వెల్గటూరులో మావాళ్లు నా జీతం చదివేదీ అట్లాగే,
అందామనుకున్నాను.
అంత అరబ్బీ రాదు.

అర్ధరాత్రి దాటాక ఒక ఫోటో చూపించింది.
మీథేన్ మింగే రంగులో తీసిన గురుడు.
చారల లుంగీ కట్టుకున్నట్టు ఉండేవాడు
ఇందులో బొగ్గు.
రెండు ధ్రువాల మీదా తెల్ల టోపీలు,
ఒక పక్కన వెన్నముద్దలా తుఫాను.
ఎత్తున ఉన్న మబ్బు వెలుగును గడపలోంచే పంపేస్తుంది, అది తెలుపు.
లోపలికి పోయిన వెలుగు
దారిలోనే ఖర్చయిపోతుంది, అది నలుపు.
నల్లగా ఉందంటే ఖాళీ అని కాదు, బోషెట్టీ.
నలుపెంతో లోతంత.

అప్పుడే గేజి ముల్లు వెంట్రుకంత దిగింది.
ఆమె తప్పును అంకెల్లో వెతుకుతోంది.
నేను సబ్బునీళ్లు తెచ్చాను.
రెగ్యులేటర్ మెడ దగ్గర
ఒక బుడగ, శనగగింజంత,
తన గాలి తనలో దాచుకుని పెరుగుతోంది.
దాని మీద రంగులు కూడా తిరుగుతున్నాయి, చారలు చారలుగా.
కాసేపు చూశాను.
తర్వాత రెంచి పట్టాను.

లాగ్‌బుక్కులో ఆమె ఇంగ్లీషులో రాసింది:
లీకు పట్టినది పోశెట్టి.
నోటికి రాని అక్షరం
చేతికి వచ్చింది, గుండ్రటి తలతో.

బయట ప్లాంటు మంట ఆకాశమంతా ఎర్రగా కాల్చేసింది,
చుక్కలు లేవు.
బస్సు కోసం నిలబడ్డ చోట,
సముద్రం వైపు,
అతనొక్కడే.
అంత దూరం నుంచి వచ్చిన ఆ వెలుగులో
కొన్ని రంగులు తక్కువ.
అవి ఎక్కడ ఖర్చయ్యాయో
ఈ స్టాపులో నాకు తెలుసు.